ఎవరి తెర మీద కనిపించింది నిజం?

ఈ మధ్య శిక్షణ సిమ్యులేటర్ల, అంటే అసలు ట్యాంకు, విమానం బదులు వాటిలా స్పందించే శిక్షణ యంత్రాల టెండరు పత్రం ఒకటి చదివాను. ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. వేర్వేరు ఊళ్లలోని సిమ్యులేటర్లను నెట్‌వర్క్‌తో కలిపి, అందరూ ఒకే మైదానంలో ఉన్నట్టు సాధన చేయించాలన్నది ఉద్దేశం. తెర ఎంత వెడల్పు ఉండాలి, సీటు ఎంత కదలాలి, ఇంజిన్ శబ్దం ఎలా వినిపించాలి, చివరికి గదిలో ఏసీ సామర్థ్యం ఎంత ఉండాలన్నది కూడా పేజీలకు పేజీలు రాశారు. నెట్‌వర్క్ వంతుకు వచ్చేసరికి ఒకే ఒక్క వాక్యం: సగటు ఆలస్యం 100 మిల్లీసెకన్లకు మించరాదు. ఆలస్యం అంటే ఇక్కడ ఒకచోటి కదలిక కబురు ఇంకోచోటికి చేరడానికి పట్టే కాలం.

సిమ్యులేటర్లను ఒకదానితో ఒకటి కలిపే పనిలోనే చాలాకాలంగా ఉన్నాను. ఆ వాక్యాన్ని చూస్తే నాకు బాధ కలుగుతుంది. అందులో తప్పేమీ లేనట్టే కనిపిస్తుంది. పరీక్షలో సులువుగా నెగ్గుతుంది, సంతకాలు కూడా అయిపోతాయి. ఆ తర్వాత శిక్షణకు వచ్చిన కుర్రవాడు చేయని తప్పుకు మాట పడతాడు, లేదా నేర్చుకోకూడనిది నేర్చుకుని వెళతాడు. ఆలస్యం ఉండడమే ఇక్కడి అసలు సమస్య అని నేను అనుకోవడం లేదు. దాన్ని శిక్షకుడికి కనిపించకుండా కప్పిపెట్టడం దగ్గరే నా గొడవంతా.

వంద అనే అంకె

ఆ వంద గాలిలోంచి ఊడిపడలేదు. 1983లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, సిమ్‌నెట్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. దాని వెనుక ఉన్న మనిషి జాక్ థోర్ప్ అనే వైమానిక దళ అధికారి. కెంటకీలోని ఫోర్ట్ నాక్స్ లాంటి చోట్ల ట్యాంకు సిమ్యులేటర్లను పెట్టి, దూరంగా ఉన్న వాటితో కూడా కలిపారు. అప్పటి బొమ్మలు ఇప్పుడు చూస్తే పిల్లల గీతల్లా ఉంటాయి. సెకనుకు 15 ఫ్రేములు మాత్రమే. అయినా అది పనిచేసింది. ఎందుకంటే సిమ్‌నెట్ నేర్పాలనుకున్నది ట్యాంకు తోలడం కాదు. నాలుగు ట్యాంకులు ఒక ప్లటూన్‌గా ఎలా కదలాలి, రేడియోలో ఏం చెప్పుకోవాలి, పక్కవాడు ఎటు తిరిగితే తాను ఎటు కాపలా కాయాలి, ఇవీ నేర్పాలనుకున్నవి. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో జరిగిన 73 ఈస్టింగ్ అనే ట్యాంకుల పోరును, అందులో పాల్గొన్నవారిని అడిగి, ఆనవాళ్లు సేకరించి, తర్వాత సిమ్‌నెట్‌లోనే తిరిగి కట్టారు. ఆ పోరులో ఏ ట్యాంకు ఎక్కడుందో కూర్చుని చూసుకోగలిగారు. కలిపిన సిమ్యులేటర్ల విలువను శంకించేవాణ్ణి కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

సిమ్‌నెట్ అనుభవం నుంచే, సిమ్యులేటర్లు ఒకదానికొకటి ఎలా కబుర్లు పంపుకోవాలో చెప్పే డిస్ అనే ప్రమాణం వచ్చింది. ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ ప్రమాణాల్లో 1278వ నంబరుతో 1993లో అచ్చయింది. దాని అనుబంధ ప్రమాణం ఆలస్యాన్ని రెండు తరగతులుగా విడదీసింది. ఒకరి కదలిక మీద ఇంకొకరి కదలిక గట్టిగా ఆధారపడి ఉంటే 100 మిల్లీసెకన్లు, వదులుగా ఆధారపడి ఉంటే 300. అంటే ఆ అంకెను రాసినవాళ్లు ముందు అడిగిన ప్రశ్న ‘ఏ పని నేర్పుతున్నారు?’ అన్నది. మన టెండర్లలోకి వచ్చేసరికి ప్రశ్న ఎగిరిపోయి అంకె ఒక్కటే మిగిలింది. దానికి ముందు ‘సగటు’ అనే మాట వచ్చి చేరింది.

ఊహతో నడిచే బొమ్మలు

పక్క ఊళ్లోని ట్యాంకు నా తెర మీద కదులుతున్నదంటే, దాని ప్రతి కదలికా తీగ మీద వస్తున్నదని అర్థం కాదు. అంత సమాచారం పంపడం అప్పట్లో అసాధ్యం, ఇప్పుడూ వృథా. అందుకే ఓడల వాళ్ల పాత పద్ధతి డెడ్ రెకనింగ్‌ను తెచ్చుకున్నారు. చివరిసారి ఎక్కడున్నాడు, ఎంత వేగంతో ఎటు పోతున్నాడు అన్నదాన్ని బట్టి ఇప్పుడు ఎక్కడ ఉండి ఉంటాడో నా కంప్యూటరే ఊహిస్తుంది. అతని కంప్యూటర్ కూడా, ఇతరులు తన గురించి ఏమని ఊహిస్తున్నారో అదే లెక్క వేసుకుంటూ ఉంటుంది. ఊహకూ వాస్తవానికీ తేడా ఒక హద్దు దాటితేనే కొత్త కబురు పంపుతుంది. డిస్‌లో మామూలుగా ఆ హద్దు స్థానానికి ఒక మీటరు, దిశకు 3 డిగ్రీలు. ఏమీ మారకపోయినా ‘బతికే ఉన్నాను’ అని 5 సెకన్లకు ఒకసారి కబురు వస్తుంది. 12 సెకన్ల పాటు ఏదీ రాకపోతే ఆ ట్యాంకు నా లోకంలోంచి మాయమవుతుంది.

ఎంతో తెలివైన ఏర్పాటు ఇది. నేను దీన్ని తక్కువ చేయడం లేదు. కానీ దీనివల్ల రెండు పరిణామాలు ఉన్నాయి. వాటి గురించి టెండరు పత్రాలలో ఒక్క అక్షరం కనిపించదు.

మొదటిది: నేరుగా పోయేవాడి గురించి ఊహ బాగా పనిచేస్తుంది, మలుపు తిరిగేవాడి దగ్గర తప్పుతుంది. ఆ తప్పు ఆలస్యంతో సమానంగా పెరగదు, ఆలస్యం వర్గంతో పెరుగుతుంది. ఒక యుద్ధవిమానం హఠాత్తుగా 5 జీల (భూమ్యాకర్షణకు ఐదింతల త్వరణం) మలుపు తీసుకుందనుకుందాం. ఆ కబురు నాకు చేరడానికి 100 మిల్లీసెకన్లు పడితే అప్పటికి నా ఊహ పావు మీటరు తప్పి ఉంటుంది. 300 పడితే రెండు మీటర్లకు పైనే. ఆలస్యం మూడింతలైతే తప్పు తొమ్మిదింతలైంది. త్వరణాన్ని కూడా కబురులో పంపవచ్చు, పంపుతారు కూడా. కానీ ఆ త్వరణం మారిన క్షణం నుంచి మారిందన్న వార్త చేరేదాకా ఇదే లెక్క.

రెండవది గడియారాల సంగతి. కబురు మీద సమయం ముద్ర ఉంటుంది. రెండు ఊళ్ల గడియారాలూ జీపీఎస్‌తో సరిచూసి ఉంటే, కబురు ఎంత పాతదో తెలుసుకుని నా కంప్యూటర్ అంతమేర ముందుకు జరిపి చూపగలదు. గడియారాలను కలపకపోతే, వచ్చిన కబురును ‘ఇప్పటిది’ అనుకుంటుంది. అప్పుడు సెకనుకు 250 మీటర్లతో నేరుగా పోయే విమానం కూడా 100 మిల్లీసెకన్ల ఆలస్యానికి 25 మీటర్లు వెనుక కనిపిస్తుంది. ప్రమాణంలో రెండు పద్ధతులకూ చోటుంది, ముద్రలోని చివరి బిట్టు ఏది వాడుతున్నారో చెబుతుంది. నేను చూసిన చాలా ఏర్పాట్లలో ఆ బిట్టు ‘గడియారం కలపలేదు’ అనే చెబుతూ ఉండేది. దాన్ని ఎవరూ చూడరు. ఎందుకంటే తెర మీద అంతా సాఫీగానే కదులుతుంది.

ఆ సాఫీదనం గురించి కూడా చెప్పాలి. కొత్త కబురు వచ్చినప్పుడు బొమ్మ ఊహించిన చోటు నుంచి అసలు చోటుకు గెంతితే చూడడానికి వికారంగా ఉంటుంది. అందుకని ఆ తేడాను కొన్ని ఫ్రేముల మీద పరిచి, మెల్లగా జరుపుతారు. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలకు అది ఎంతో బాగుంటుంది. కానీ ఆ మెల్లగా జరిపే సమయమంతా తెర మీద ఉన్నది తప్పు స్థానమని తెలిసే చూపిస్తున్నాం. గెంతితే కనీసం శిక్షకుడు ‘ఏదో జరిగింది’ అనుకునేవాడు. నున్నగా జారిన బొమ్మ మీద ఎవరికీ అనుమానం రాదు.

గుట్ట చాటు ట్యాంకు

నేను దగ్గరుండి చూసిన ఒక సాధన గురించి చెబుతాను. రెండు చోట్ల ఉన్న ట్యాంకు సిబ్బంది ఎదురెదురుగా తలపడుతున్నారు. ఒక యువ డ్రైవరు గుట్ట చాటు నుంచి బయటికి వచ్చి, శత్రువును చూసి, వెంటనే ఇంకో గుట్ట చాటుకు దూరాడు. దూరిన తర్వాత అతని తెర ఎర్రబడింది. ట్యాంకు ధ్వంసమైందని తీర్పు.

సాయంత్రం సమీక్షలో రికార్డును పెద్ద తెర మీద వేశారు. గుండు తగిలిన క్షణంలో ట్యాంకు వెనుక భాగం గుట్ట బయటే ఉంది. శిక్షకుడు అనుభవజ్ఞుడు, మంచి మనిషి. “తడబడ్డావు. కదలాలని నిర్ణయించుకున్నాక సందేహించకూడదు” అన్నాడు.

“నేను అప్పటికే లోపలికి వెళ్లిపోయాను సర్.”

“రికార్డు కళ్ల ముందే ఉంది కదా.”

కుర్రవాడు ఇంకేమీ మాట్లాడలేదు. మాట్లాడినా అవిధేయత అనిపించుకునేది.

ఆ రాత్రి రెండు వైపుల లాగ్‌లూ తెరిచి చూశాం. ఆ నిమిషంలో అదే లైను మీద మరో కంప్యూటర్‌లోకి భూభాగం డేటాబేస్ కాపీ అవుతోంది. క్యూ పెరిగి ఆలస్యం అర సెకను దాకా పోయింది. గడియారాలు కలపలేదు. సెకనుకు 15 మీటర్లతో పోయే ట్యాంకు అర సెకనులో ఏడున్నర మీటర్లు కదులుతుంది. ఆబ్రమ్స్ లాంటి పెద్ద ట్యాంకు ఒంటి పొడవే సుమారు 8 మీటర్లు. అంటే ఎదుటి గన్నరు కాల్చింది, దాదాపు తన పొడవంత దూరం ముందుకు వెళ్లిపోయిన ట్యాంకు నీడను. అతను నిజాయితీగానే గురి చూశాడు, తన తెర మీద ఉన్నదాన్నే కొట్టాడు. డిస్ పద్ధతిలో ‘తగిలింది’ అని ప్రకటించేది కాల్చినవాడి కంప్యూటర్. ఎంత నష్టమో లెక్కగట్టేది తగిలినవాడి కంప్యూటర్. కాబట్టి గుట్ట వెనకున్న ట్యాంకు, గుట్ట లేనట్టే దెబ్బను స్వీకరించింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కుదిపింది రికార్డు. రికార్డు చేసే యంత్రం గన్నరు ఉన్న ఊళ్లో ఉంది. అందువల్ల గన్నరు చూసిందే చరిత్ర అయింది. అదే యంత్రాన్ని డ్రైవరు ఉన్న ఊళ్లో పెట్టి ఉంటే, గుట్ట చాటున భద్రంగా ఉన్న ట్యాంకును గుండు ఎలా కొట్టిందని గన్నరును ప్రశ్నించేవాళ్లు. ఎవరిది తప్పో తేల్చింది, ఒక పెట్టెను ఏ గదిలో పెట్టారన్న సంగతి. ఆ రోజు సగటు ఆలస్యం మాత్రం ఒప్పందం గీసిన గీతకు చాలా కిందే ఉంది.

పక్కింట్లో కేకలు విన్న తర్వాత మన ఫోనులో సిక్సర్ పడినట్టే ఇది. క్రికెట్‌లో దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ మాత్రం ఫోను వెనకబడ్డ ఇంటివాణ్ణి పట్టుకుని ‘సిక్సర్ ఎందుకు చూడలేదు’ అని నిలదీస్తున్నాం.

ఆటల్లో చెల్లింది కదా అంటారు

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా యువ ఇంజనీర్లు ఆన్‌లైన్ ఆటలను ఉదాహరణగా చూపుతారు. అక్కడ కోట్లమంది ఇంతకన్నా ఘోరమైన లైన్ల మీద ఆడుతున్నారు, ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు అంటారు. చాలా షూటింగ్ ఆటల్లో సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి, కాల్చినవాడు ట్రిగ్గర్ నొక్కినప్పుడు అతని తెర మీద ఏముందో దాన్ని బట్టి తీర్పు చెబుతుంది. గోడ చాటుకు వెళ్లాక చనిపోయిన అనుభవం ఆడేవాళ్లందరికీ ఉంటుంది.

ఆటకు అది సరైన నిర్ణయమే. గురి చూసి కొట్టినా తగలకపోతే ఆడేవాడికి విసుగు పుడుతుంది, మానేస్తాడు. కానీ శిక్షణలో చనిపోయినవాడు కూడా విద్యార్థే. చాటుకు సరైన సమయంలో వెళ్లినా చస్తే, చాటు పనికిరాదని అతని ఒంటికి ఎక్కుతుంది. ఇలా పది సాధనలు చేశాక అతను అసలు ట్యాంకులో కూర్చుంటాడు.

విమానాల దగ్గర ఇది ఇంకా సున్నితం. ఒక్క విమానం సిమ్యులేటర్‌నే తీసుకోండి. పైలట్ స్టిక్ కదిపినప్పటి నుంచి తెర స్పందించేదాకా పట్టే కాలానికి పౌర విమానయానంలో చాలాకాలంగా హద్దు ఉంది. అమెరికా నిబంధనల్లో చాలాకాలం పాటు ఉన్నత స్థాయి సిమ్యులేటర్లకు అది 150 మిల్లీసెకన్లు, కింది స్థాయి వాటికి 300గా ఉండేది. ఒకే గదిలో, నెట్‌వర్క్ ఊసే లేకుండా ఉన్న యంత్రానికే అంత పట్టింపు. ఎందుకంటే ఆలస్యం పెరిగితే పైలట్ సరిదిద్దేది ఎప్పుడూ పాత తప్పునే అవుతుంది. సరిదిద్దుబాటు అతిగా అవుతుంది, ముక్కు పైకీ కిందికీ ఊగుతుంది. అనుభవం ఉన్న పైలట్ కాసేపటికి సర్దుకుంటాడు, చేతిని నెమ్మదింపజేస్తాడు. సిమ్యులేటర్ అమ్మేవాళ్లు దీన్ని గుణంగా చెప్పుకుంటారు: “పది నిమిషాల్లో అలవాటు పడిపోతారు.” నా భయం సరిగ్గా అక్కడే ఉంది. అలవాటు పడ్డ చెయ్యి, ఆ అలవాటుతోనే అసలు విమానం ఎక్కుతుంది.

ఇప్పుడు ఇద్దరు పైలట్లు రెండు ఊళ్లలో ఉండి, రెక్క పక్కన రెక్కగా ఎగరడం సాధన చేస్తున్నారనుకోండి. మధ్య దూరం కొన్ని మీటర్లే. ఇంతకుముందు వేసిన లెక్కలో రెండు మీటర్ల తప్పు వచ్చింది. ఆ సాధన అలాంటి లైను మీద చేయకూడదు, అంతే. గాలిలో ఇంధనం నింపుకోవడం కూడా అంతే. అదే ఇద్దరు, 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న శత్రువు రాడార్ మీద ఎలా కనిపిస్తున్నాడో మాట్లాడుకుంటూ వ్యూహం సాధన చేస్తే, 300 మిల్లీసెకన్లు ఎవరికీ తెలియవు. లైను అదే, సిమ్యులేటర్లు అవే. నేర్పే పని మారింది, హద్దు మారింది. ఒప్పందంలో ఈ రెండు పనులకూ ఒకే అంకె రాయడాన్నే నేను ఒప్పుకోలేను.

పింగ్ చెప్పని సంగతులు

అప్పగింత పరీక్షలో జరిగే తంతు కూడా చెప్పుకోవాలి. లైను ఖాళీగా ఉన్న వేళ, ఒక చివర నుంచి ఇంకో చివరకు పింగ్ కొడతారు, అంటే ఒక చిన్న కబురు పంపి, జవాబు రావడానికి పట్టే కాలం కొలుస్తారు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన సుమారు 1,250 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు పోతుంది. తీగ ఎన్ని వంకలు తిరిగినా ఒక వైపుకు 10, 20 మిల్లీసెకన్ల దగ్గర తేలుతుంది. అందరూ సంతోషిస్తారు.

కానీ సైనికుడి చేతి నుంచి సైనికుడి కంటి దాకా ఉన్న దారిలో తీగ చిన్న ముక్క. సెకనుకు 60 సార్లు తిరిగే సిమ్యులేటర్‌లో ఒక్కో ఫ్రేము దాదాపు 17 మిల్లీసెకన్లు. చేతి కదలిక చదవడానికి ఒక ఫ్రేము, భౌతిక లెక్కకు ఒకటి, అవతలి కంప్యూటర్ తన తర్వాతి ఫ్రేము దాకా ఆగడానికి ఒకటి, బొమ్మ గీసే యంత్రంలో రెండు మూడు, ప్రొజెక్టర్‌లో ఇంకొకటి. మధ్యలో సమాచారాన్ని రహస్య లిపిలోకి మార్చే పెట్టెలు, నెట్‌వర్క్‌లను కలిపే గేట్‌వేలు. తీగను లెక్కలోకి తేకముందే వంద నిండుతుంది. ప్రమాణం కూడా ఒక సిమ్యులేటర్ ప్రోగ్రాము నుంచి ఇంకో ప్రోగ్రాము దాకా పట్టే కాలాన్ని లెక్కించమంటుంది. పింగ్ కొలిచేది అది కాదు.

పైగా రద్దీ ఎప్పుడు పెరుగుతుంది? అందరూ నేరుగా పోతుంటే డెడ్ రెకనింగ్ పుణ్యమా అని లైను నిశ్శబ్దంగా ఉంటుంది. తలపడిన క్షణంలో ప్రతివాడూ మలుపులు తిరుగుతాడు, కాలుస్తాడు, రేడియోలో అరుస్తాడు. కబుర్లన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. అంటే నేర్చుకోవలసిన క్షణాలే లైనుకు కష్టకాలం. గంట సాధనలో అవి రెండు మూడు నిమిషాలు ఉంటే, సగటులో ఆనవాలు లేకుండా కలిసిపోతాయి. అందుకే సగటు అనే మాట కనిపిస్తే నాకు కోపం వస్తుంది. ఒప్పందం అడగవలసింది ఆ రెండు మూడు నిమిషాల గురించే.

కొన్ని చోట్లకు ఫైబర్ వెళ్లదు. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైకి వెళ్లి కిందికి రావడానికే దాదాపు 240 మిల్లీసెకన్లు పడుతుంది. దాన్ని ఏ కంపెనీ తగ్గించలేదు. అలాంటి చోటుకు ‘100 లోపు’ అని రాసిన ఒప్పందం మీద ఎవరైనా సంతకం పెట్టారంటే, కొలిచే పద్ధతిలో ఏదో మతలబు ఉందన్నమాట.

నాకూ ఉన్న సందేహాలు

ఇంత చెప్పాక ఎదురు వాదనలను దాటవేయడం న్యాయం కాదు. అందరి లోకాలూ ఒక్కటిగా ఉండేలా చేయలేమా అని అడగవచ్చు. చేయవచ్చు. డిస్ తర్వాత వచ్చిన హెచ్‌ఎల్‌ఏ ప్రమాణంలో కాల నిర్వహణ అనే ఏర్పాటు ఉంది. అందరి కబుర్లూ చేరేదాకా ఎవరి గడియారమూ ముందుకు కదలదు. మనుషులు లేని విశ్లేషణ సిమ్యులేషన్లకు అది బంగారం. కానీ స్టిక్ పట్టుకుని కూర్చున్న మనిషిని ‘ఢిల్లీ నుంచి కబురు రాలేదు, ఆగు’ అనలేం. మనిషి కోసం వెంటనే స్పందిస్తే లోకాలు విడిపోతాయి. లోకాలను కలిపి ఉంచాలంటే మనిషిని ఆపాలి. ఈ ఇరకాటాన్ని డబ్బుతో కొంత తగ్గించగలం, పూర్తిగా తీసేయలేం. అందుకే నేను ‘ఆలస్యం లేని నెట్‌వర్క్ ఇవ్వండి’ అని అడగడం లేదు.

నేను అడిగేవి ఖర్చులో చిన్నవి. ప్రతి చోటా ఒక రికార్డు యంత్రం, అన్నింటికీ జీపీఎస్‌తో కలిపిన గడియారం. శిక్షకుడి తెర మీద, ఒకే వాహనం ఇద్దరి లోకాల్లో ఎన్ని మీటర్ల తేడాలో ఉందో చూపే ఒక అంకె. మిల్లీసెకన్లు శిక్షకుడికి అర్థం కావు, అవసరమూ లేదు. ‘ఇక్కడ ఏడు మీటర్ల తేడా ఉంది’ అంటే తక్షణం అర్థమవుతుంది. ఆ తేడా ఆ పాఠానికి తగిన హద్దు దాటినప్పుడు జరిగిన కాల్పులకు సమీక్షలో ఒక గుర్తు పడాలి. హద్దు దాటితే ఆ పాఠాన్ని ఆపే అధికారం శిక్షకుడికి ఉండాలి.

దీనికి ఒక సీనియర్ శిక్షకుడు గట్టిగా అడ్డు చెప్పారు. “అలాంటి గుర్తు పెడితే ప్రతివాడూ ఓడినప్పుడల్లా నెట్‌వర్క్ మీదికి తోస్తాడు. యుద్ధంలో సాకులు చెప్పే సైనికుణ్ణి మీరు తయారు చేస్తున్నారు” అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. క్రమశిక్షణ మీద నిలబడే చోట, తీర్పు మీద అనుమానం రేకెత్తించడం చిన్న విషయం కాదు. తెర మీద కనిపించేదాన్ని నమ్మకపోతే విద్యార్థి మనసు పెట్టి సాధన చేయడు కూడా.

ఆయన మాటలో సగం ఒప్పుకుని, ఆ అంకెను విద్యార్థికి కనిపించకుండా శిక్షకుడి బల్లకే పరిమితం చేశాం. మిగతా సగానికి జవాబు సాధనల్లోనే దొరికింది. రెండు చోట్లా రికార్డులు ఉంచడం మొదలయ్యాక, సమీక్షలో ఒక గన్నరు తన గుండు తప్పడానికి లైనే కారణమని వాదించాడు. రెండు లోకాల బొమ్మలనూ పక్కపక్కన నడిపించారు. ఆ క్షణంలో తేడా అర మీటరు కూడా లేదు. ఏ తెర మీద చూసినా గుండు లక్ష్యానికి చాలా ముందే నేలలో దిగింది, దూరం అంచనా తప్పింది. శిక్షకుడు గొంతు పెంచవలసిన అవసరం రాలేదు. గన్నరు ఆ దృశ్యాన్ని మళ్లీ ఒకసారి వేయమని అడిగి, దూరం కొలిచే మీట ఎప్పుడు నొక్కాడో తనే చూసుకున్నాడు.